కంప్యూటరుకు చెవి పెట్టిన కథ



మన తెలుగు తరగతి గదిలో, కిటికీ పక్క బల్ల మీద, దాదాపు పేకముక్క అంత కంప్యూటరు ఒకటి ఉన్నది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి తక్కువ ధరలో ఒక కంప్యూటరు ఉండాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు కలిసి దానిని రూపొందించారు. 2012 ఫిబ్రవరి 29న అది మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అంటే దాని పుట్టినరోజు నాలుగేళ్లకొకసారి గాని రాదు, పాపం. మీరు దానితో అక్షరాల ఆటలు ఆడుతుండగా నేను చూస్తూనే ఉంటాను.

అటువంటిదే ఒకటి మా ఇంట్లోనూ ఉన్నది. దానికి నేను ఒక చెవిని ఎలా అమర్చానో, ఎందుకు అమర్చవలసి వచ్చిందో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. పని చిన్నదే. అందులో నేను చేసిన పొరపాట్లు మాత్రం చిన్నవి కావు.

ముందు టేపు సంగతి చెప్పాలి. మా నాయనమ్మ శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెలో పుట్టింది. పదేళ్ల పిల్లగా తల్లిదండ్రుల వెంట చెన్నపట్నంలో ఓడ ఎక్కి పినాంగులో దిగింది. మలయా తోటలకు కూలీలను పంపడాన్ని భారత ప్రభుత్వం 1938లో నిషేధించింది. వీరు అంతకు ముందే వచ్చినవారు. బాగన్ దాతుక్ కొబ్బరితోటలలో వారి బ్రతుకు సాగింది. నాయనమ్మకు ఒక అక్క ఉండేది. అప్పటికే పెళ్లి అయిపోయినందువల్ల ఆమె ఊరిలోనే ఉండిపోయింది. నాయనమ్మ ఆమెను అక్క అనేది కాదు, "అప్ప" అనేది. అక్కాచెల్లెళ్లిద్దరికీ చదువు రాదు. ఎవరిచేతనైనా ఉత్తరం రాయిస్తే అందులో తన మాట ఉండదని, రాసినవాడి మాటే ఉంటుందని నాయనమ్మ ఫిర్యాదు.

మా నాన్న టేపు రికార్డరు కొన్న తరువాత ఆ చిక్కు తీరింది. నాయనమ్మ ఒక క్యాసెట్‌లో మాట్లాడేది. ఊరికి వెళ్లేవారెవరైనా దొరికితే వారి చేతికిచ్చి పంపేది. అక్కడ అప్ప దానిని విని, అదే క్యాసెట్‌లో తన మాటలు నింపి, తిరిగి వచ్చేవారి చేతికిచ్చేది. కొత్త మాటలు చేరినప్పుడల్లా పాత మాటలు చెరిగిపోయేవి. ఇంకొక క్యాసెట్ కొనలేక కాదు. పంపిన క్యాసెట్టే తిరిగి రావాలని నాయనమ్మ పట్టుదల. అప్ప చేయి తగిలిన వస్తువు మళ్లీ తన చేతికి రావడమే ఆమెకు కావలసినది కాబోలు.

1989లో ఆ క్యాసెట్ చివరిసారి సముద్రం దాటి వచ్చింది. మొదటి వైపున అప్ప మాటలున్నాయి. రెండవ వైపున నాయనమ్మ జవాబు చెప్పింది. తీసుకువెళ్లే మనిషి దొరకక ముందే తంతి వచ్చింది, అప్ప ఇక లేదని. నాయనమ్మ క్యాసెట్‌ను ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది. మళ్లీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. 2004లో ఆమె కూడా వెళ్లిపోయింది. మొన్న ఇల్లు మారుతున్నప్పుడు నాన్న ఆ పెట్టె తెరిచి, క్యాసెట్‌ను నా చేతిలో పెట్టారు. "నువ్వు మిషన్ల పనిదానివి కదా, చూడు" అన్నారు. నిజమే, నా వృత్తి విద్యుత్ పరికరాల మరమ్మతు.

టేపు రికార్డరులో వేసి వినేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. క్యాసెట్‌లోని సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పు వంటి పొడి పూసి ఉంటుంది. ఆ పొడి రేణువులలోనే అయస్కాంత రూపంలో గొంతు దాగి ఉంటుంది. ముప్పయ్యేళ్లు దాటిన టేపు తిరిగినప్పుడల్లా ఆ పొడి కొంత రాలిపోవచ్చు. ఎన్నిసార్లు తిరుగుతుందో తెలియనప్పుడు, మొదటిసారి తిరిగేటప్పుడే దానిని మరొక చోట భద్రపరచడం మంచిదనుకున్నాను. ఇంట్లోని చిన్న కంప్యూటరు గుర్తుకు వచ్చింది. దానికి హెడ్‌ఫోన్లు తగిలించే రంధ్రం ఉన్నది కదా, అందులో తీగ పెడితే సరి అనుకున్నాను.

అక్కడే మొదటి పొరపాటు. మా ఇంటి మూడవ తరం రాస్ప్‌బెర్రీ పైలో ఆ రంధ్రం నుండి ధ్వని బయటకు వస్తుందే గాని లోపలికి పోదు. దానికి నోరున్నది, చెవి లేదు. ఆ నోరు కూడా అంత గొప్పది కాదు. విద్యుత్తును టకటకా వేస్తూ ఆపుతూ ధ్వనిని పుట్టిస్తుంది గనుక వెనుక సన్నని బుస వినిపిస్తూ ఉంటుంది. అయిదవ తరంలో ఆ రంధ్రాన్నే తీసివేశారు.

చెవి అంటే ఏమిటో కొంచెం వివరించాలి, ఎందుకంటే మిగిలిన కథ అంతా దీనిమీదే ఆధారపడి ఉన్నది. కంప్యూటరుకు అంకెలు తప్ప మరొకటి తెలియదు. ధ్వని అంకె కాదు, అల. పెరాక్ నది సముద్రంలో కలిసే చోట, పడవల రేవులో, గీతలు గీసిన ఒక గుంజ పాతి ఉన్నదనుకోండి. ఒక పిల్లవాడు గంటగంటకూ వెళ్లి నీరు ఏ గీత దాకా ఉన్నదో పుస్తకంలో రాసుకుంటాడు. నెల తరువాత ఆ అంకెలను చూసి మీరు ఆటుపోట్ల బొమ్మ గీయగలరు, నీటిని చూడనక్కరలేదు. కాని ఆ పిల్లవాడు బద్ధకించి పన్నెండున్నర గంటలకొకసారి మాత్రమే వెళ్లాడనుకోండి. మన తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. వెళ్లినప్పుడల్లా నీరు దాదాపు నిండుగానే కనిపిస్తుంది. సముద్రం కదలనే కదలదని రాసుకుని వస్తాడు! ఒక్కొక్క అలకు కనీసం రెండుసార్ల కంటే ఎక్కువగా కొలిస్తేనే ఆ అల పుస్తకంలోకి ఎక్కుతుంది.

సౌండ్ కార్డు చేసే పని ఆ పిల్లవాడి పనే. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. అందుకని కార్డు సెకనుకు 44,100 సార్లు విద్యుత్తు ఎత్తును కొలిచి అంకె వేస్తుంది. గుంజ మీద గీతలు 65,536. అరగంట మాటలకు 7 కోట్ల 93 లక్షల 80 వేల అంకెలు అవుతాయి. అవి సుమారు 159 మెగాబైట్ల చోటును తీసుకుంటాయి. వినేటప్పుడు కార్డు ఆ అంకెలనే తిరిగి అలలుగా మారుస్తుంది.

సౌండ్ కార్డులు రెండు రకాలు. మొదటిది బొటనవేలంత ఉంటుంది; యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చితే చాలు, తానెవరో కంప్యూటరుకు తానే చెప్పుకుంటుంది. రెండవది కంప్యూటరు అంచున ఉన్న 40 పిన్నుల మీద టోపీలా కూర్చుంటుంది. దానిని హ్యాట్ అనే పిలుస్తారు. ఇది మెరుగైనది, ఖరీదైనది. కొన్నిటికి కాన్ఫిగ్ అనే దస్త్రంలో ఒక వాక్యం రాసి, ఈ కార్డు వచ్చిందని కంప్యూటరుకు మనమే పరిచయం చేయాలి. నేను చవకగా వస్తుందని మొదటి రకాన్ని కొన్నాను. తప్పు కార్డుది కాదు. అది మైకు కోసం చేసినది, టేపు రికార్డరు కోసం కాదు.

అసలు క్యాసెట్‌ను ముట్టుకోక ముందు పాత సినిమా పాటల క్యాసెట్‌తో పరీక్ష చేశాను. ఈ ఒక్క తెలివైన పని చేశానని చెప్పుకోవడానికి నాకు ఇష్టం. టేపు రికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుండి కార్డు మైకు రంధ్రానికి తీగ కలిపి రికార్డు చేసి వింటే, గాయని పగిలిన డబ్బాలోనుండి పాడుతున్నట్లు ఉన్నది. కారణం ఇది: మైకు నుండి వచ్చే విద్యుత్తు వోల్టులో వెయ్యోవంతులలో ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుండి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. మళ్లీ మన గుంజ దగ్గరకు రండి. గుంజ ఎత్తు మూడు మీటర్లు, పోటు నాలుగు మీటర్లు వచ్చిందంటే పిల్లవాడు ఏమి రాస్తాడు? మూడు అనే రాస్తాడు. ఆ పైన నీరు ఏమి చేసిందో పుస్తకంలో ఉండదు. తరువాత ఎంత తెలివైనవాడు ఆ పుస్తకాన్ని చదివినా దానిని తిరిగి తీయలేడు. టేపు రికార్డరు గొంతును బాగా తగ్గించిన తరువాత పాట పాటలా వినిపించింది.

ఇంకా రెండు చిక్కులు. వెనుక "మ్‌మ్‌మ్" అని ఒక మూలుగు వచ్చేది. మన ఇళ్లలోని కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ మూలుగు దానిది. టేపు రికార్డరు ప్లగ్గు పీకేసి బ్యాటరీలు వేయగానే పోయింది. మరొకటి, మాట ఆగినప్పుడల్లా బుస ఉన్నట్టుండి పెరిగేది. నిశ్శబ్దం వస్తే గొంతును దానంతట అదే పెంచే ఏర్పాటు ఒకటి ఆ కార్డులో ఉన్నది. ఆల్సామిక్సర్ అనే ప్రోగ్రాములో వెతికి దానిని ఆపివేశాను.

అప్పుడు అసలు క్యాసెట్ తీశాను. మొట్టమొదట, క్యాసెట్ వెనుక అంచున రెండు మూలల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచివేశాను. అవి ఉన్నంత కాలం పొరపాటున ఎర్ర బటను నొక్కితే కొత్త ధ్వని ఎక్కి పాతది చెరిగిపోతుంది. అప్ప మళ్లీ మాట్లాడవలసిన క్యాసెట్ గనుక నాయనమ్మ వాటిని విరవలేదు. ముక్కలు విరుగుతున్నప్పుడు నాన్న ముఖం పక్కకు తిప్పుకున్నారు. లోపల టేపును తలకు అదిమి ఉంచే చిన్న మెత్త ఊడిపోయి ఉన్నది. స్క్రూలు తీసి, చుట్టలు రెండింటినీ మరొక మంచి క్యాసెట్ పెట్టెలోకి మార్చాను. ఆ సాయంత్రం మొదటి వైపు రికార్డు చేశాము. అప్ప గొంతు గంటలా ఉన్నది. ఏ చిక్కూ రాలేదు.

జొహోరులో ఉన్న అన్నయ్య తనకూ వినిపించమన్నాడు. అతనితో మాట్లాడడానికి ఒక చిన్న కెమెరాను కంప్యూటరుకు తగిలించాను. మరునాడు కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టి, క్యాసెట్‌ను తిప్పి, రెండవ వైపు వేశాను. మొదటి వినికిడి కోసం నాన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఇప్పుడు వినవద్దని, రికార్డు అయిన తరువాత ఇద్దరం కలిసి విందామని నేనే అన్నాను. తెర మీద ధ్వని ఎత్తును చూపే గీత పైకీ కిందికీ ఆడుతూ ఉన్నది. అరగంట అలా ఆ గీతనే చూస్తూ కూర్చున్నాము.

తరువాత విన్నాము. పంకా తిరుగుతున్నది. రేకుల మీద వాన పడుతున్నది. ఎవరో దగ్గారు. నాన్న. నాయనమ్మ మాత్రం లేదు.

కెమెరాకు కూడా ఒక మైకు ఉంటుందని నేను మరిచాను. కంప్యూటరు తన పరికరాలకు వరుస సంఖ్యలు వేస్తుంది. ఆ ఉదయం లేచినప్పుడు కెమెరాకు పాత కార్డు సంఖ్య వేసింది. ఆ సంఖ్యను వినమని నేను చెప్పాను. అది చెప్పినట్లే చేసింది. కాబట్టి గుర్తుంచుకోండి, సౌండ్ కార్డును సంఖ్యతో గాక పేరుతో పిలవాలి. నా కార్డు పేరు ఏమిటో తెలుసా? "డివైస్". పరికరం అని అర్థం! పిల్లకు "పిల్ల" అని పేరు పెట్టినట్లు. అయినా ఆ పేరుతో పిలిస్తే అదే పలుకుతుంది.

టేపు రికార్డరు తలను శుభ్రం చేయడానికి దూది పుల్లతో తుడిస్తే గోధుమరంగు పొడి అంటుకున్నది. అది చూసి నా చేతులు చల్లబడ్డాయి. నాన్న ఒక్కమాట కూడా అనలేదు. కెమెరాను పీకేసి, పేరు పెట్టి పిలిచి, ఈసారి కార్డు రెండవ రంధ్రంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండవసారి మొదలుపెట్టాను.

"అప్పా, నానే. బాగున్నావా? ఈడ పొద్దుట్నించీ ఒకటే వాన. పసారుకెల్లి సేపలట్టుకొచ్చినాను."

పసార్ అంటే మలయ్ భాషలో సంత అని మీకు తెలుసు. అప్పకు అది తెలిసి ఉండాలి. ఎన్ని క్యాసెట్లు విన్నదో కదా. నాయనమ్మ గొంతు చాలా మెల్లగా ఉన్నది. గీత అడుగునే పాకుతున్నది. మాటలు బుసలో మునిగిపోతాయేమోనని భయపడి, టేపు రికార్డరు గొంతును కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. కొబ్బరికాయల ధర, మోకాలి నొప్పి, ఎవరి పెళ్లో. తరువాత నా సంగతి వచ్చింది.

"మా గుంట బడికెల్లి తెలుగు నేర్చుకుంటన్నాది. 'ఎలిపోనాడు' అనకూడదట. 'వెళ్లిపోయాడు' అనాలట. మూడో తరగతి పంతులమ్మ నాకు నేర్పుతన్నాది, అప్పా!"

అని పెద్దగా నవ్వింది.

విద్యార్థులారా, అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తెలుగు తరగతిలో నేను "ఎలిపోనాడు" అంటే అందరూ నవ్వారు. సరైన రూపాన్ని పదిసార్లు రాయించారు. ఇంటికి వచ్చి నాయనమ్మను కూర్చోబెట్టి అదే పాఠం చెప్పాను. ఆ రోజు నుండి ఆమెలా మాట్లాడడం మానివేశాను. ఇంట్లో ఆమెతో కూడా పుస్తకంలో ఉన్నట్లే మాట్లాడేదాన్ని. ఆమె నొచ్చుకున్నదేమోనని పెద్దయ్యాక ఎన్నోసార్లు అనుకున్నాను. నొచ్చుకోలేదట. అంత దూరంలో ఉన్న అక్కకు చెప్పుకుని మురిసిపోయిందట.

ఆ నవ్వు గుంజను దాటిపోయింది. నేను పెంచిన గొంతు వల్లే. గీత పైకి వెళ్లి అక్కడే నిలిచిపోవడం నా కళ్లతో చూశాను. దస్త్రంలో ఆ నవ్వు మొదలూ చివరా ఉన్నాయి. నడుమ పగిలిన డబ్బా మోత. గొంతు తగ్గించి మూడవసారి తిప్పుదామనుకున్నాను. వెనక్కి చుడుతున్నప్పుడు టేపు కీచుమన్నది. "చాలు, అమ్మా" అన్నారు నాన్న. "అది టేపులో ఉన్నది కదా. ఉండనీ."

క్యాసెట్ ఇప్పుడు మా ఇంట్లో, అయస్కాంతాలకూ ఎండకూ దూరంగా, ఒక డబ్బాలో ఉన్నది. ఆ వాన పంకా ఉన్న దస్త్రాన్ని కూడా నేను చెరిపివేయలేదు. అందులో పద్దెనిమిదవ నిమిషాన నాన్న మెల్లగా అంటారు: "అమ్మ ఇది మాట్లాడినప్పుడు బటను నేనే నొక్కినాను. నొక్కినాక బయటికెలిపొమ్మన్నాది." నాన్న నోట ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

గత నెల నేను ఒక హ్యాట్ కార్డు కొన్నాను. మైకు కోసం గాక, టేపు రికార్డరు వంటి యంత్రాల కోసమే చేసిన ప్రవేశద్వారం దానికున్నది. గుంజ ఎత్తు సరిపోతుంది. దానిని మా ఇంట్లో కాక, మన తరగతి కంప్యూటరు నెత్తిన అమర్చాను. బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరును కూడా పక్కనే పెట్టాను. మీ ఇళ్లలో, ట్రంకుపెట్టెలలో, బీరువాల పై అరలలో క్యాసెట్లు ఉన్నాయేమో ఈ వారం పెద్దలను అడగండి. ఉంటే శనివారం తరగతికి తీసుకురండి. తెచ్చే ముందు ఇంట్లో వేసి చూడకండి. వెనుక అంచున ఉన్న ఆ రెండు ముక్కలను మాత్రం, పెద్దల అనుమతితో, విరిచి తీసుకురండి.